షుగర్ ఉన్న ఇంటికి సర్కారు సాయం: బియ్యానికి మార్కులు, గోలీలకు మార్కులు, పప్పుకు సున్నా

ఆరు కిలోల సన్నబియ్యం, నెలకు సరిపడా గోలీలు. హన్మకొండలో ఉన్నా, నర్సంపేటలో ఉన్నా, ములుగు అవతల తండాలో ఉన్నా, రేషన్ కార్డు ఉండి షుగరో బీపీయో ఉన్న మనిషికి సర్కారు నుంచి నెలనెలా చేతికందేవి ప్రధానంగా ఈ రెండే. మొదటిది పౌరసరఫరాల పద్దు, రెండోది ఆరోగ్యశాఖ పద్దు. రేషన్ డీలర్‌కు ఎవరికి షుగర్ ఉందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. గోలీలిచ్చే నర్సుకు ఆ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల బియ్యం ఉడుకుతాయో తెలియదు. రోగి మాత్రం రెండు చోట్లా వరుసలో నిలబడతాడు. కాబట్టి ఈ రెంటినీ ఒకే సేవగా పెట్టి, ఒక్కో భాగానికి ఐదుకు ఇన్ని అని మార్కులు వేసి చూడటమే న్యాయం.

ముందు పరీక్షల సంగతి. క్యాన్సర్, షుగర్, గుండెజబ్బు, పక్షవాతాల నివారణకు కేంద్రం 2010లో మొదలుపెట్టిన కార్యక్రమమే 2023లో ఎన్‌పీ-ఎన్‌సీడీ అని పేరు మార్చుకుంది. ఎన్‌సీడీ అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోని జబ్బులు. డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ కింద వస్తుంది, వందలో అరవై కేంద్రానిది, నలభై రాష్ట్రానిది. ఊళ్లో ఇది కనబడే రూపం ఆశా వర్కర్ చేతిలో ఉండే, జబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో అంచనా వేసే సీబ్యాక్ ఫారం. ముప్పై దాటినవాళ్లందరికీ నింపాలి. వయసు, పొగాకు, మందు తాగుడు, నడుము కొలత, వారానికి 150 నిమిషాల శ్రమ ఉందా లేదా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా, ఈ ఆరింటికి మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు దాటితే పరీక్షకు ముందు వరుసలో పంపాలి.

ఫారం బాగానే ఉంది, నింపేటప్పుడే తప్పులు జరుగుతాయి. "ఎక్సర్‌సైజ్ చేస్తవా" అని అడిగితే పత్తి ఏరే మనిషి, నాటు వేసే మనిషి లేదనే చెబుతారు. పొలం పని, మోత పని, సైకిల్ తొక్కడం అన్నీ ఆ 150 నిమిషాల్లో లెక్కే. నడుము కొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మార్కు పడుతుంది. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక, ఒంటి మీద వేయాలి. చీర కుచ్చిళ్ల మీదుగా, పంచె ముడి మీదుగా వేస్తే కొలత పెరిగిపోతుంది.

విచిత్రం ఏంటంటే, మార్కులు వేసే ఆ ఆరు ప్రశ్నల్లో తిండి గురించి ఒక్కటీ లేదు. అన్నం ఎన్ని పూటలు, పప్పు వారానికి ఎన్నిసార్లు, తొక్కు ఎంత, ఏదీ అడగరు. దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం తిండి సరిగా లేకపోవడం వల్లేనని 2024 ఆహార మార్గదర్శకాల్లో రాసింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఊరూరా తిరిగే ఫారం దాకా ఆ ముక్క రాలేదు.

వేలు గుచ్చి చూసే పరీక్షలో ఎప్పుడైనా తీసిన షుగర్ 140 దాటితే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపి నిర్ధారణ చేయించాలి. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5, వీటిలో ఏదైనా అంతకు చేరితే షుగర్ ఉన్నట్టు. లక్షణాలేవీ లేకపోతే ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. మామిడిపండు తిన్న చేతిని కడగకుండా గుచ్చితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తం పలచబడి లెక్క తప్పుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఎండలో, తేమలో పెట్టినా అంతే. సబ్బుతో చేతులు కడిగి, తుడుచుకుని, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. బీపీకైతే చాయ్, బీడీ అరగంట ముందే ఆపాలి, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలి, పట్టీ చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీద కట్టించుకోవాలి. ఒక్కసారి 140/90 వచ్చిందని గోలీ మొదలవదు, మళ్లీ చూడాలి. శిబిరంలో వరుసగా వంద మందిని కూర్చోబెట్టి లేపే రోజున ఇవన్నీ జరగవు. అందుకే శిబిరం లెక్కను నమ్ముకోకుండా మామూలు రోజున పల్లె దవాఖానకో బస్తీ దవాఖానకో వెళ్లి మళ్లీ చూపించుకోవడం మేలు. పరీక్షకు ఐదుకు మూడున్నర.

గోలీల పంపిణీ ఈ సేవలో బాగా నిలబడిన భాగం. బీపీ రోగులకు ఒకే పద్ధతి మందులు, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, రానివాళ్లను వెతికి పిలిపించడం, ఇవన్నీ 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో కుదిరిన పద్ధతులు. ఆ తొలి ఐదింటిలో తెలంగాణ ఒకటి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు అరలున్న ఎన్‌సీడీ కిట్ సంచి చూడటానికి చిన్న సంగతే కానీ, చదువురాని ముసలివాళ్లకు అది మందుల చీటీ కంటే నయం.

ఇక్కడ ఎదురయ్యే చిక్కు తిండితో ముడిపడిందే. షుగర్ గోలీల్లో మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు వచ్చి వారానికే మానేస్తారు. గ్లిమిపిరైడ్ తినే ముందు వేసుకునేది. అది వేసుకుని శనివారం ఒక్కపొద్దు ఉన్నా, కూలి పనికి పోయి మధ్యాహ్నం సద్ది తినడం ఆలస్యమైనా షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం కనబడగానే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట చూసి తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. ఒక్కపొద్దులుండే అలవాటు ఉంటే ఆ మాట గోలీ రాసేరోజే డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చే వీలుంటుంది. గోలీలకు నాలుగు.

ఇక బియ్యం. అసలు చర్చంతా ఇక్కడే.

2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించిన పథకం కింద ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అందులో ఐదు కిలోలు 2013 ఆహారభద్రత చట్టం కింద కేంద్రం లెక్క, పైది రాష్ట్రం లెక్క. దొడ్డుబియ్యం రోజుల్లో చాలా ఇళ్లు వాటిని దళారికి పోసి, ఆ పైసలకు ఇంకొన్ని కలిపి సన్నబియ్యం కొనుక్కునేవి. ఇప్పుడు దుకాణం నుంచి తెచ్చిన బియ్యం నేరుగా ఇంటి కుండలోకి పోతున్నాయి. పథకంగా చూస్తే ఇది గెలుపే. వేలిముద్రలు పడని ముసలివాళ్లకు కనుపాప స్కాన్ ఉండటం కూడా మంచి ఏర్పాటు.

షుగర్ కోణంలో చూస్తే ఒక ప్రశ్న మిగులుతుంది. ఏ సన్నబియ్యం? మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఆర్ఎన్ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, గ్లైసెమిక్ ఇండెక్స్ 51.5 అని పరీక్షల్లో తేలిన రకం. తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె ఇది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. రైతుకు క్వింటాలు వడ్లకు 500 రూపాయల బోనస్ ఇవ్వడానికి సర్కారు ఎంచుకున్న 33 సన్న రకాల్లో అదీ ఉంది, బీపీటీ 5204, హెచ్ఎంటీ, జైశ్రీరాం లాంటివీ ఉన్నాయి. బోనస్ అన్నిటికీ ఒకటే. కొనుగోలు కేంద్రంలో గింజ సన్నమా దొడ్డా చూస్తారు, తేమ శాతం చూస్తారు, రకాన్ని విడిగా పెట్టరు. మిల్లులో అంతా కలిసిపోతుంది. షుగర్‌ను మెల్లగా పెంచే బియ్యాన్ని మన పొలాల్లోనే పండించి, మన డబ్బుతోనే కొని, షుగర్ ఉన్నవాడి సంచిలోకి చేరేసరికి ఏ రకమో తెలియకుండా చేస్తున్నామన్నమాట. కనీసం ఆర్ఎన్ఆర్‌ను విడిగా మర పట్టించి, ఎన్‌సీడీ పోర్టల్‌లో పేరున్న రోగులున్న కార్డులకు ఇచ్చే ప్రయోగం ఒక్క మండలంలో చేసినా, రెండు శాఖల డబ్బు మొదటిసారి ఒకచోట కలుస్తుంది.

అయితే తెలంగాణ సోనా పేరు చెప్పి "షుగర్ బియ్యం, ఎంతైనా తినొచ్చు" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. లెక్క చూడండి. ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండుకుంటే అందులో పిండిపదార్థం సుమారు 117 గ్రాములు. దాన్ని ఇండెక్స్‌తో గుణించి వందతో భాగిస్తే షుగర్ మీద పడే భారం తెలుస్తుంది. ఇండెక్స్ 51.5 ఉన్న బియ్యమైతే ఆ భారం 60, ఇండెక్స్ 70 ఉన్న మామూలు బియ్యమైతే 82. అదే మామూలు బియ్యాన్ని సగానికి తగ్గించి 75 గ్రాములు వండుకుంటే భారం 41. సోనాను కడుపునిండా తినడం కంటే రేషన్ బియ్యాన్ని సగం తినడమే షుగర్‌కు మేలు. పైగా బస్తా మీద పేరు చూసి సోనా అని కొంటే లోపల అదే ఉంటుందన్న హామీ లేదు. గింజను చూసి రకం చెప్పడం మిల్లరుకే కష్టం. తెలిసిన రైతు దగ్గర వడ్లు కొని మర పట్టించుకుంటే తప్ప నమ్మకం ఉండదు. మర పట్టేటప్పుడు తెల్లగా మెరిసేదాకా పాలిష్ వద్దని చెప్పాలి.

రేషన్ బియ్యంలో అక్కడక్కడా తెల్లగా, కాస్త వేరుగా కనబడి నీళ్లలో తేలే గింజల్ని చూసి ప్లాస్టిక్ అని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి బియ్యప్పిండితోనే చేసి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజలు. బలవర్ధక బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతారు. అవి కనబడితే ఏరొద్దు, బియ్యాన్ని నాలుగైదు సార్లు పిసికి కడగొద్దు, గంజి వార్చొద్దు. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఇప్పుడు పప్పు లెక్క. జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రెండు వేల క్యాలరీల పళ్లెంలో రోజుకు తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు గానీ గుడ్డు, మాంసం గానీ కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, పల్లీలు, నువ్వులు లాంటివి 35, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. నెలకు ఆరు కిలోల బియ్యం అంటే రోజుకు 200 గ్రాములు. పళ్లెంలో ఉండాల్సిన ధాన్యంలో ఐదింట నాలుగు వంతులు సర్కారే ఉచితంగా ఇస్తోంది. పప్పు నెలకు రెండున్నర కిలోలు కావాలి, ఇచ్చేది సున్నా. కూరగాయలు పన్నెండు కిలోలు కావాలి, సున్నా. నలుగురున్న ఇంటికి 24 కిలోల బియ్యం ఉచితం, పది కిలోల పప్పు, 48 కిలోల కూరగాయలు కొనుక్కోవాలి. కొనలేని ఇంట్లో ఏది ఎక్కువ తింటారో చెప్పాల్సిన పని లేదు. అన్నం, పచ్చిపులుసు, తొక్కు. పూర్తిగా పిండిపదార్థం, పైన ఉప్పు. ఉచిత బియ్యం, గోధుమల కోసం దేశం మొత్తానికి కేంద్రం ఐదేళ్లకు, 2024 జనవరి నుంచి, వేసుకున్న అంచనా ఖర్చు 11.80 లక్షల కోట్లు. అందులో కొంత భాగం పప్పుకు మళ్లినా షుగర్ గోలీల మీద భారం తగ్గుతుంది. ఇదేదో విప్లవం కాదు, దుకాణంలో ఇంకో బస్తా తెరవడమే.

అది జరిగేలోపు ఉన్నదాంట్లో సర్దుకునే దారి ఒకటుంది. బియ్యం ఉచితం కాబట్టి మిగిలే డబ్బును మళ్లీ బియ్యం మీద పెట్టకుండా, రాత్రి పూట అన్నాన్ని జొన్నరొట్టెకో జొన్న గట్కకో మార్చడం. పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, జొన్నల్లో 10.2. ప్రోటీన్ కూడా జొన్నల్లోనే రెండు గ్రాములు ఎక్కువ. మనిషికి నెలకు మూడు కిలోల జొన్నలు చాలు. పిండిని మెత్తగా జల్లించి పొట్టు పారేస్తే ఆ పీచు పోయినట్టే. మక్క గట్కను జావలా పలచగా కాచి తాగితే షుగర్ తొందరగా ఎక్కుతుంది, రవ్వగా పట్టించి గట్టిగా వండుకోవాలి. కందిపప్పే కావాలని లేదు. ఉలవలు, బొబ్బర్లు, పెసర్లు, శనగల్లో ప్రోటీన్ వంద గ్రాములకు సుమారు ఇరవై గ్రాములు ఉంటుంది. 50 గ్రాముల పప్పు, ఒక గుడ్డు తింటే ఆ 85 గ్రాముల లెక్క పూర్తయినట్టే. పుంటికూర, తోటకూర, బచ్చలి అంగడిలో సాయంత్రం పూట చవక. కూరను అన్నంలో నంచుకోవడం కాదు, పళ్లెంలో సగం కూరే ఉండాలి. బియ్యానికి పథకంగా నాలుగు మార్కులు, షుగర్ రోగికి రెండు.

గర్భిణుల విషయం వేరు. అక్కడ సర్కారు నిజంగానే తిండి పెడుతుంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. గర్భిణికి రోజుకు 9 రూపాయల 50 పైసలు అని కేంద్రం 2017లో ఖరారు చేసిన ధరతో 2013లో ఆహారభద్రత చట్టం చెప్పిన 600 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఇవ్వడం ఎంత కష్టమో ఒక్క గుడ్డు ధర చూస్తేనే తెలుస్తుంది. రోజూ గుడ్డు, పాలు అంటే రాష్ట్రం పైనుంచి వేసుకోవాల్సిందే. ఆ భోజనం కేంద్రంలో కూర్చుని తింటేనే లాభం. టిఫిన్ గిన్నెలో ఇంటికి తీసుకెళ్తే గుడ్డు పిల్లలకు, పాలు చాయ్‌కి పోతాయి.

కిట్ల దగ్గర ఒక జాగ్రత్త. రక్తహీనత కోసం 2022 డిసెంబరు 21న కామారెడ్డిలో మొదలైన న్యూట్రిషన్ కిట్‌ను తొలి విడతలో ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌తో సహా తొమ్మిది జిల్లాల్లో ఇచ్చారు. పోషక పొడి, కిలో ఖర్జూరాలు, అరకిలో నెయ్యి, ఐరన్ సిరప్. రక్తం తక్కువున్న తల్లికి మంచిదే. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి ఆ ఖర్జూరాలు, తీపి పొడి అలా పనికిరావు. ఈ తరహా సరుకు ఏ పథకం కింద చేతికొచ్చినా, ముందు గ్లూకోజ్ పరీక్ష అయిందా అని ఊరి నర్సు ఏఎన్ఎంను అడగాలి. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి, పరగడుపున ఉండక్కర్లేదు. రెండు గంటలకు 140, ఆపైన వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతైతే ఆ రోజు పరీక్ష చెల్లదు, మరుసటి రోజు మళ్లీ చేయించాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకసారి, బాగానే ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి. రెండోది మర్చిపోవడమే ఎక్కువ. అంగన్‌వాడీకి నాలుగు మార్కులు, కిట్‌కు మూడు.

చివరిది తిండి సలహా. ఎన్‌పీ-ఎన్‌సీడీ మార్గదర్శకాల్లో కౌన్సెలర్ పోస్టు ఉన్నది సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం), జిల్లా ఆసుపత్రుల ఎన్‌సీడీ క్లినిక్కుల్లోనే. ఊరికి దగ్గరగా ఉండే దవాఖానలో ఆ పని కూడా గోలీలిచ్చే మనిషి మీదే పడుతుంది. అందుకే సలహా "అన్నం తగ్గించు, తీపి మానెయ్" దగ్గర ఆగిపోతుంది. ఒకటిన్నర మార్కు, అదీ వాళ్ల తప్పు కాదని ఇచ్చింది.

సీహెచ్‌సీకి వెళ్లే రోజు ఖాళీ చేతుల్తో వెళ్తే అక్కడా అదే మాట వినిపిస్తుంది. మూడు రోజులు తిన్నది చీటీ మీద రాసి తీసుకెళ్లండి. కిలో ఉప్పు పాకెట్ ఎన్ని రోజులొస్తుందో చూడండి. మనిషికి రోజుకు ఐదు గ్రాముల లోపైతే నలుగురి ఇంట్లో అది నెల దాటి ఇంకో ఇరవై రోజులు రావాలి, తొక్కులు పెట్టే ఎండాకాలం ఉప్పు లెక్క వేరే. నూనె నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటుతుందేమో చూడండి. ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసును కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి 75 గ్రాములు ఎక్కడికి వస్తాయో గీత గీసుకోండి. కౌన్సెలర్‌ను "ఏం తినాలి" అని కాకుండా "ఈ గీత దాకా పూటకు పోస్తున్నా, నా గోలీకి ఇది సరిపోతుందా, తగ్గించాలా" అని అడగండి. ఏడాదికోసారి కంటి పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు ఎప్పుడు, ఎక్కడ చేస్తారో కూడా అదే రోజు చీటీ మీద రాయించుకు రండి.